తిరుపతి – విశాఖ విమానం: అసలు దూరం ఎంత, ఎంతసేపు పడుతుంది?

కొర్లగుంట_కోడలు · సోమవారం, సాయంత్రం 6:12

అందరికీ నమస్కారం. మా అమ్మ విశాఖలో ఉంటుంది. మోకాళ్ల నొప్పి బాగా ముదిరింది. ఇక్కడికి, తిరుపతికి తీసుకొచ్చి బర్డ్ ఎముకల ఆస్పత్రిలో చూపిద్దామని అనుకుంటున్నాం. రాత్రంతా రైల్లో రావడం ఆమె వల్ల కాదు, అందుకే విమానం గురించి వెతుకుతున్నాను. వెతికే కొద్దీ అయోమయం ఎక్కువవుతోంది. ఒకచోట 600 కిలోమీటర్లు, 45 నిమిషాలు అని ఉంది. ఇంకోచోట 740 కిలోమీటర్లు అని ఉంది. టికెట్లు అమ్మేచోట గంటన్నర పైన చూపిస్తోంది. ఇంకొక దాంట్లో ఏకంగా అయిదు గంటలు!

అమ్మకు డెబ్బై దాటాయి, విమానం ఎక్కడం ఇదే మొదటిసారి. "ఎంతసేపు కాళ్లు ముడుచుకుని కూర్చోవాలే?" అని రోజూ ఫోన్‌లో అడుగుతోంది. ఆమెకు సరైన జవాబు చెప్పాలని ఉంది. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

రైలుపెట్టె · సోమవారం, సాయంత్రం 6:40

అక్కా, ఆ 740 అనేది నేల మీద దూరం. రేణిగుంట నుంచి గూడూరుకు 83, గూడూరు నుంచి విజయవాడకు 290 పైచిలుకు, అక్కడి నుంచి విశాఖకు 350. కూడితే ఇంచుమించు అదే వస్తుంది. రోడ్డు కూడా నాయుడుపేట మీదుగా హైవే ఎక్కి అటే పోతుంది కాబట్టి పెద్ద తేడా ఉండదు.

తిరుమల ఎక్స్‌ప్రెస్‌లో సుమారు పద్నాలుగు గంటలు. డబుల్ డెకర్ ఉంది గానీ అందులో అన్నీ కూర్చునే సీట్లే, పైగా ఏ అంతస్తుకైనా మెట్లు ఎక్కాలి లేదా దిగాలి. నాకు రైలంటే ప్రాణం. అయినా మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దావిడకు విమానమే చెబుతాను.

లెక్కల_మాస్టారు_చిత్తూరు · సోమవారం, రాత్రి 8:05

అమ్మా, ఆకాశంలో దూరం 600 కిలోమీటర్లే. అది ఎట్లా వస్తుందో చెబుతాను, రేపు ఇంకే రెండు ఊళ్లకైనా మీరే వేసుకోవచ్చు.

మన తిరుపతి విమానాశ్రయం, అంటే రేణిగుంట విమానాశ్రయం, ఉన్నది 13.63 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 79.54 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర. విశాఖది 17.72, 83.22. ముందు అక్షాంశాల తేడా తీయండి, 4.09 డిగ్రీలు. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున ఉత్తరం వైపు 454 కిలోమీటర్లు. రేఖాంశాల తేడా 3.68 డిగ్రీలు. ఇక్కడ ఒక మెలిక ఉంది. రేఖాంశాలు భూమధ్యరేఖ నుంచి పైకి పోయే కొద్దీ ఒకదానికొకటి దగ్గరవుతాయి. అందుకని దీన్ని మధ్యలో ఉన్న అక్షాంశం కొసైన్‌తో, మన విషయంలో 0.963తో గుణించాలి. అప్పుడు తూర్పు వైపు 393 కిలోమీటర్లు వస్తుంది. ఈ రెండూ లంబకోణ త్రిభుజంలో రెండు భుజాలు. కర్ణం కడితే 600. పదో తరగతి పైథాగరస్ సిద్ధాంతం చాలు. ఢిల్లీ, దుబాయ్ లాంటి దూరాలకు భూమి వంపు లెక్కలోకి తీసుకోవాలి గానీ, మన రాష్ట్రం లోపల కిలోమీటరో రెండో తప్ప తేడా రాదు.

విమానాల వాళ్లు నాటికల్ మైళ్లు వాడతారు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు, కాబట్టి మీ 600 వాళ్లకు 324.

మరి నేల మీద 740, గాలిలో 600, ఇంత తేడా ఎందుకు? అట్లాసు తీసి రెండు ఊళ్ల మధ్య స్కేలు పెట్టి గీత గీయండి. ఆ గీత కృష్ణపట్నం దగ్గర తీరం దాటి సముద్రం మీదికి పోతుంది. ఒంగోలు, బాపట్ల, మచిలీపట్నం అన్నీ గీతకు ఎడమ పక్కనే ఉండిపోతాయి. మళ్లీ కోనసీమ అంచున కాస్త నేల తగిలి, కాకినాడ దగ్గర మళ్లీ సముద్రం మీదికి వెళ్తుంది. మన తీరం అక్కడ లోపలికి వంగి ఉంది. రోడ్డు, రైలు ఆ వంపు వెంబడి తిరిగి పోవాలి, గీతకు ఆ బాధ లేదు. ఆ 140 కిలోమీటర్లూ ఈ వంపులోనే ఉన్నాయి. పిల్లలకు ఇది మ్యాపు మీద చూపిస్తే ఎంత సంబరపడతారో చెప్పలేను.

సీతమ్మధార_శ్రీ · సోమవారం, రాత్రి 8:31

మాస్టారూ, చాలా బాగా చెప్పారు. ఒకటి కలుపుతాను. నిజం విమానం ఆ గీత మీదే పోవాలని లేదు. దానికి వేసిన దారులు దానికుంటాయి, కంట్రోల్ వాళ్లు ఎటు పొమ్మంటే అటు పోవాలి. కానీ తీరానికి దగ్గరగా పోయే దారే కాబట్టి కిటికీ సీటు దొరికితే వదలొద్దు. తిరుపతి నుంచి మా విశాఖ వచ్చేటప్పుడు తీరం ఎడమ పక్కన ఉంటుంది, విశాఖ నుంచి తిరుపతి వెళ్లేటప్పుడు కుడి పక్కన. ఆకాశం తేటగా ఉన్న రోజు గోదావరి పాయలు పాయలుగా విడిపోయి సముద్రంలో కలిసేచోట మట్టిరంగు నీళ్లు, నీలం నీళ్లు విడివిడిగా కనిపిస్తాయి. మీ అమ్మగారికి అది చూపించండి, నొప్పి కాసేపు మరిచిపోతారు.

కొర్లగుంట_కోడలు · సోమవారం, రాత్రి 9:02

మాస్టారూ, మా అబ్బాయి తొమ్మిదో తరగతి. వాడు మీ లెక్క వేసి 600.5 తెచ్చాడు! దూరం సందేహం తీరింది. ఇక సమయం సంగతి. 45 నిమిషాలా, గంటన్నరా?

ర్యాంప్‌డ్యూటీ_రిటైర్డ్ · సోమవారం, రాత్రి 10:18

చెల్లెమ్మా, నేను వేరే రాష్ట్రాల్లో, చివర్లో మన రాష్ట్రంలో కూడా విమానాశ్రయాల్లో గ్రౌండ్ స్టాఫ్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఈ విషయంలో జనం పడే టెన్షన్ రోజూ చూసినవాణ్ని.

45 నిమిషాలు అని రాసిన చోట వాళ్లు చేసింది ఒక్క భాగహారం. 600 కిలోమీటర్లను గంటకు 800 కిలోమీటర్ల వేగంతో భాగించారు. ఆ వేగం ఎయిర్‌బస్, బోయింగ్ లాంటి జెట్‌లది. అదీ పూర్తి ఎత్తుకు చేరాక మాత్రమే వస్తుంది. ఇంత చిన్న దూరంలో జెట్ పైకి ఎక్కడం అయ్యీ కాకముందే దిగడం మొదలుపెడుతుంది.

మన చిన్న ఊళ్ల మధ్య ఎక్కువగా తిరిగేది ఏటీఆర్ 72. రెండు ప్రొపెల్లర్ల విమానం, సీట్లు డెబ్బై పైచిలుకు. దాని వేగం గంటకు సుమారు 500 కిలోమీటర్లు. 600ను 500తో భాగిస్తే గంటా 12 నిమిషాలు. ఇది గాలిలో ఉండే సమయం.

టికెట్ మీద ఉండేది ఇది కాదు. దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. విమానం నిలబడిన చోట చక్రాలకు అడ్డంగా చెక్క దిమ్మెలు పెడతాం, మేం చాక్స్ అంటాం. ఇక్కడ అవి తీసి విమానం కదిలిన దగ్గర నుంచి, అక్కడ ఆగి మళ్లీ దిమ్మెలు పెట్టేదాకా ఉన్న సమయమే బ్లాక్ టైమ్. రన్‌వే దాకా నెమ్మదిగా నడవడం, ముందున్న విమానం లేచేదాకా ఆగడం, లేచాక దిశ తిరగడం, దిగేముందు చుట్టూ తిరిగి రన్‌వేకు ఎదురుగా రావడం, దిగాక మళ్లీ నడవడం, ఇవన్నీ అందులోనే. అందుకే గంటా 30, గంటా 40 అని వేస్తారు. కంపెనీ వాళ్లు అందులో కొంచెం జాగా కూడా ఉంచుకుంటారు.

రన్‌వే సంగతి చెప్పాలి. రేణిగుంట రన్‌వే మీద ఒక చివర 08, ఇంకో చివర 26 అని రాసి ఉంటుంది. దిక్సూచిలో 80 డిగ్రీలు, 260 డిగ్రీలు అని దానర్థం, అంటే ఇంచుమించు తూర్పు పడమరలు. విశాఖది 10, 28. విమానం గాలికి ఎదురుగా లేవాలి, ఎదురుగానే దిగాలి. పడమటి గాలి ఉన్న రోజు ఇక్కడి నుంచి విశాఖ పోయే విమానం ముందు పడమరకు లేచి, తర్వాత తిరిగి ఈశాన్యం పట్టాలి. అక్కడ దిగేటప్పుడు సముద్రం మీదికి పోయి వెనక్కి తిరిగి రావాలి. ఒకే విమానం, ఒకే దూరం, అయినా ఒక రోజుకూ ఇంకో రోజుకూ పది నిమిషాల తేడా ఇక్కడే వస్తుంది.

విశాఖలో ఇంకో విషయం. అది నేవీ వాళ్ల స్థావరం, ఐఎన్ఎస్ డేగా. మన విమానాలు వాళ్ల రన్‌వే మీదే దిగుతాయి. వాళ్ల అవసరం ముందు, మనం తర్వాత. కాసేపు ఆపితే కంగారు పడొద్దని అమ్మగారికి ముందే చెప్పి ఉంచు.

పలమనేరు_పిల్లోడు · సోమవారం, రాత్రి 10:44

సార్, మరి జెట్‌లో పోతే సగం సమయమేనా?

ర్యాంప్‌డ్యూటీ_రిటైర్డ్ · సోమవారం, రాత్రి 10:59

కాదు నాయనా. నేల మీద సమయం రెంటికీ ఒకటే. గాలిలో మిగిలేది పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. దూరం పెరిగే కొద్దీ జెట్‌కు లాభం. విజయవాడ లాంటి దగ్గరి ఊరికైతే, గన్నవరం ఇక్కడి నుంచి గాలిలో 350 కిలోమీటర్లే, ఏటీఆర్‌కూ జెట్‌కూ తేడా ఉందని కూడా తెలియదు. చిన్న దూరాలకు ఏటీఆర్ వేసేది అందుకే, ఇంధనం చాలా తక్కువ తాగుతుంది.

కాణిపాకం_కుర్రాడు · మంగళవారం, ఉదయం 7:15

ఆ అయిదు గంటల లెక్క నాకు తెలుసు. అది హైదరాబాద్ మీదుగా పోయే టికెట్. రేణిగుంట నుంచి శంషాబాద్‌కు 418 కిలోమీటర్లు, శంషాబాద్ నుంచి విశాఖకు 510. మొత్తం 930 అయింది. రెండుసార్లు లేవాలి, రెండుసార్లు దిగాలి, మధ్యలో గంటన్నర రెండు గంటలు కూర్చోవాలి. డైరెక్ట్ దొరికితే ఆ దారి పట్టొద్దు అక్కా.

డైరెక్ట్ ఉందా లేదా అన్నది మీరు వెళ్లే తేదీకి చూసుకోవాలి. విమానాల టైమ్‌టేబుల్ ఏడాదికి రెండుసార్లు మారుతుంది. మార్చి చివరి ఆదివారం నుంచి వేసవిది, అక్టోబర్ చివరి ఆదివారం నుంచి చలికాలంది. పోయినసారి ఉన్న విమానం ఈసారి ఉండకపోవచ్చు, వారంలో కొన్ని రోజులే ఉండొచ్చు. పాత పోస్టులు చూసి ప్లాన్ వేయొద్దు.

తప్పనిసరిగా హైదరాబాద్ మీదుగానే రావాల్సి వస్తే రెండు టికెట్లూ ఒకే పీఎన్‌ఆర్ మీద, అంటే ఒకే బుకింగ్ నంబరు మీద ఉండాలి. మా బాబాయి విడివిడిగా కొన్నాడు, డబ్బు కలిసొస్తుందని. మొదటి విమానం ఆలస్యమైంది, రెండోది వెళ్లిపోయింది. ఆ కంపెనీ వాళ్లు "అది మీ సొంత ఏర్పాటు సార్" అని చేతులెత్తేశారు. రాత్రంతా కుర్చీలో గడిపి పొద్దున మళ్లీ కొత్త టికెట్ కొన్నాడు. ఒకే పీఎన్‌ఆర్ అయి ఉంటే ఆ బాధ్యత వాళ్లదే.

వకీలు_గిరింపేట · మంగళవారం, ఉదయం 9:20

దీని మీద విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నిబంధనలు ఉన్నాయి, జనానికి పెద్దగా తెలియవు. రెండున్నర గంటల లోపు బ్లాక్ టైమ్ ఉన్న విమానం రెండు గంటలకు మించి ఆలస్యమైతే తినడానికి, తాగడానికి ఇవ్వాలి. ఆలస్యం ఆరు గంటలు దాటుతుందంటే వేరే విమానం ఇవ్వాలి, లేదా డబ్బు మొత్తం వాపసు ఇవ్వాలి.

ముందుగా చెప్పకుండా రద్దు చేస్తే పరిహారం కూడా బ్లాక్ టైమ్‌ను బట్టే ఉంటుంది. గంట లోపు విమానానికి 5,000 రూపాయలు, గంట నుంచి రెండు గంటల వరకు 7,500, రెండు గంటలు దాటితే 10,000. అయితే బేసిక్ ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపి అంతకన్నా తక్కువైతే ఆ తక్కువే ఇస్తారు. తిరుపతి – విశాఖ డైరెక్ట్ రెండో వరుసలోకి వస్తుంది. తుపాను, భద్రతా కారణాల లాంటి వాళ్ల చేతిలో లేని కారణమైతే పరిహారం రాదు. కౌంటర్ దగ్గర గట్టిగా కాకుండా మర్యాదగా, నిబంధన పేరు చెప్పి అడగండి. తెలిసిన మనిషి అనుకుంటే వాళ్లూ సరిగ్గా మాట్లాడతారు.

సీతమ్మధార_శ్రీ · మంగళవారం, ఉదయం 9:48

తుపాను అన్నారు కాబట్టి చెబుతున్నాను. అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్యలో టికెట్ తీస్తే వాతావరణం ఒక కంట కనిపెట్టండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా విమానాశ్రయం పైకప్పు సహా దెబ్బతింది, ఆ రోజులు చూసినవాళ్లెవరూ మరిచిపోరు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది, అంటే సరిగ్గా మాస్టారు గీసిన గీతకు పక్కనే. అలాంటి వారం ప్రయాణం పెట్టుకోకుండా ఉంటే మంచిది. ఆస్పత్రి అపాయింట్‌మెంట్‌కు కనీసం రెండు రోజుల ముందు వచ్చేటట్టు చూసుకోండి.

రేణిగుంట_ట్యాక్సీ · మంగళవారం, మధ్యాహ్నం 1:30

అందరూ గాలిలో సంగతి చెబుతున్నారు. నేను నేల మీద మనిషిని, నేల సంగతి చెబుతా.

ఎయిర్‌పోర్ట్ నుంచి తిరుపతి ఊళ్లోకి 15 కిలోమీటర్లు. మామూలుగా అరగంట. కరకంబాడి రోడ్డులో ఫ్యాక్టరీ షిఫ్టులు మారే సమయమైతే ఇంకో పావుగంట. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి రోజుల్లో నేను ఎంతసేపని చెప్పలేను. చిత్తూరు నుంచి వచ్చేవాళ్లు 80 కిలోమీటర్లు లెక్క పెట్టుకోండి, రెండు గంటలు చేతిలో ఉంచుకోండి.

అందరికంటే ఎక్కువ టెన్షన్ పడేది కొండ మీద నుంచి నేరుగా విమానానికి వచ్చేవాళ్లు. దర్శనం ఎప్పుడైతుందో మన చేతిలో లేదు. అయ్యాక లడ్డూ కౌంటర్, తర్వాత గది ఖాళీ చేయడం, తర్వాత ఘాట్ రోడ్డు. దిగే దారి 1944లో వేసిన మొదటి ఘాట్, మలుపులు ఎక్కువ. పైన టైమ్ వేస్తారు, ఇంత సమయం కంటే ముందు కిందికి చేరితే జరిమానా. "తొందరగా పోనీ అన్నా, విమానం పోతాంది" అంటారు పాపం. నేనేం చేసేది? పోనిచ్చినా అలిపిరిలో ఆపుతారు, మలుపులో ఏమన్నా అయితే ఎవరు జవాబు చెప్పేది? దర్శనం రోజే విమానం పెట్టుకోవద్దు. పెట్టుకున్నా, పొద్దున దర్శనం అయితే సాయంత్రం విమానం తీసుకోండి.

అక్కా, మీ అమ్మగారు దిగే రోజు ముందు సీటు వెనక్కి జరిపి ఉంచమని డ్రైవర్‌కు చెప్పండి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు వెనక సీటులో కాళ్లు చాచే జాగా ఉండదు.

పలమనేరు_పిల్లోడు · మంగళవారం, మధ్యాహ్నం 2:05

అన్నా, మా చిత్తూరు వైపు వాళ్లకు రేణిగుంట ఒక్కటే దారి కాదు కదా. మాకు బెంగళూరు కూడా దగ్గరే.

లెక్కల_మాస్టారు_చిత్తూరు · మంగళవారం, సాయంత్రం 5:40

నిజమే, చిత్తూరుకు మూడు విమానాశ్రయాలు అందుబాటులో ఉన్నాయి. రేణిగుంట, చెన్నై, బెంగళూరు. ఈ విషయంలో నాకు ఆసక్తిగా అనిపించిన లెక్క ఒకటుంది. చెన్నై విమానాశ్రయం నుంచి విశాఖకు గాలిలో దూరం 620 కిలోమీటర్లు. రేణిగుంట నుంచి 600. అంటే విశాఖకు రెండూ ఇంచుమించు సమానమే! రేణిగుంటకూ చెన్నై విమానాశ్రయానికీ మధ్య సూటిగా 100 కిలోమీటర్లు కూడా లేదు. కానీ రోడ్డు మీద పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా పోయి చెన్నై ట్రాఫిక్‌లో పడితే మూడు గంటల పైన.

కాబట్టి రేణిగుంట నుంచి డైరెక్ట్ ఉంటే తిరుపతి వాళ్లకు అదే. లేని రోజున హైదరాబాద్ తిరిగి రావడం కంటే చెన్నైలో దిగి కారులో రావడం గురించి ఆలోచించవచ్చు. పలమనేరు, కుప్పం వైపు వాళ్లు మాత్రం ముళబాగిలు, కోలారు మీదుగా బెంగళూరు పోవడమే మేలు.

రేణిగుంట_ట్యాక్సీ · మంగళవారం, సాయంత్రం 6:15

చెన్నై దారి వయసు మనిషికి వద్దు మాస్టారూ. విమానం దిగి మూడు గంటలు కారులో కూర్చుంటే ఆ మోకాళ్లు ఏం కావాలి? ఇంకొక రోజు ఆగి డైరెక్ట్‌లో రమ్మనండి.

లెక్కల_మాస్టారు_చిత్తూరు · మంగళవారం, సాయంత్రం 6:22

ఆ మాట నిజం. అమ్మగారి విషయంలో మీరు చెప్పిందే పాటించాలి.

ర్యాంప్‌డ్యూటీ_రిటైర్డ్ · మంగళవారం, రాత్రి 9:30

చెల్లెమ్మా, అందరూ కిలోమీటర్లు, నిమిషాలు చెప్పారు. మీ అమ్మగారికి వాటికంటే ముఖ్యమైంది ఏటీఆర్ మెట్లు. దీన్ని కొంచెం ఓపిగ్గా చదువు.

పెద్ద విమానానికి టెర్మినల్ నుంచి గొట్టం లాంటి వంతెన తగిలిస్తారు, నేల మీద నడిచినట్టే లోపలికి పోవచ్చు. ఏటీఆర్‌కు అది ఉండదు. బస్సులోనో, నడుచుకుంటూనో విమానం దగ్గరికి పోవాలి. దాని తలుపు ముందు ఉండదు, వెనక ఎడమ పక్కన ఉంటుంది. ముందు భాగంలో లగేజీ పెడతారు. ఆ తలుపే కిందికి తెరుచుకుని మెట్లవుతుంది, అయిదారు మెట్లు. ఇరుకుగా, కొంచెం నిటారుగా ఉంటాయి. మోకాలు వంగని మనిషికి ఆ అయిదారు మెట్లే గంటన్నర ప్రయాణం కంటే కష్టం.

అందుకని టికెట్ తీసేటప్పుడే వీల్‌చైర్ అడగండి. ఎంత సాయం కావాలో కూడా అక్కడే చెప్పాలి. కొంచెం దూరం నడవలేరా, మెట్లే ఎక్కలేరా, సీటు దాకా కూడా నడవలేరా, ఈ మూడూ వేరువేరు. మీ అమ్మగారికి మెట్లు ఎక్కలేరు అనే రకం పెట్టించండి. అప్పుడు ర్యాంప్ గానీ, పైకి లేపే లిఫ్ట్ బండి గానీ ముందే సిద్ధం చేస్తారు. చివరి నిమిషంలో అడిగితే ఆ బండి ఇంకో విమానం దగ్గర ఉండొచ్చు. దీనికి డబ్బు తీసుకోరు.

సీటు వెనక వరుసల్లో తీసుకోండి. తలుపు వెనకే కాబట్టి లోపల నడక తక్కువ. ప్రొపెల్లర్లు రెక్కల దగ్గర ఉంటాయి, వెనక కూర్చుంటే హోరు కూడా కాస్త తగ్గుతుంది. రెండు పక్కలా రెండేసి సీట్లే, నడిమి సీటు అనే బాధ లేదు. నడవా పక్క సీటైతే కాలు చాచుకోవచ్చు. శ్రీగారు చెప్పిన గోదావరి కూడా చూడాలంటే తోడు వచ్చినవాళ్లు కుడి కిటికీ పక్కన, అమ్మగారు వాళ్ల పక్కన నడవా వైపు కూర్చోవచ్చు. ఏటీఆర్ రెక్కలు కిటికీలకు పైన ఉంటాయి, కిందికి చూపు అడ్డం రాదు.

ఏటీఆర్ జెట్ అంత ఎత్తుకు పోదు, మబ్బుల్లో నుంచే పోతుంది కాబట్టి అప్పుడప్పుడు కుదుపు ఉంటుంది. అది మామూలే అని చెప్పి ఉంచండి. మధ్యాహ్నం ఎండ వేడికి గాలి లేస్తుంది, ఉదయం విమానం దొరికితే అదే తీసుకోండి.

కౌంటర్ సాధారణంగా గంట ముందు మూసేస్తారు, గేటు ఇరవై, పాతిక నిమిషాల ముందు. వీల్‌చైర్ ఉన్నవాళ్లు రెండు గంటల ముందే ఉండాలి. అమ్మగారు ప్రసాదంగా ఎండు కొబ్బరి చిప్పలు తెస్తానంటే వద్దనండి, నూనె ఉంటుంది కాబట్టి అది మండే సరుకు కింద లెక్క, చెక్‌ఇన్ సంచిలో పెట్టనివ్వరు.

కొర్లగుంట_కోడలు · మంగళవారం, రాత్రి 10:10

అన్నా, మెట్ల సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. నేను టికెట్ తీసే ముందు తెలియడం ఎంత మంచిదైందో. రేపే తీస్తాను. మా పిన్ని కొడుకు తోడు వస్తానన్నాడు.

సీతమ్మధార_శ్రీ · బుధవారం, ఉదయం 8:12

ఇక్కడ బయల్దేరే వైపు ఏమైనా కావాలంటే అడగండి. ఇప్పటికి మా విమానాశ్రయం ఊరికి ఆనుకునే ఉంది, ఎన్ఏడీ జంక్షన్ దాటితే వచ్చేస్తుంది. భోగాపురంలోని అల్లూరి సీతారామరాజు విమానాశ్రయానికి రాకపోకలు మారాక మాత్రం లెక్క మారుతుంది. అది ఊరికి ఉత్తరాన 45 కిలోమీటర్ల దూరం. తిరుపతి నుంచి గాలిలో 40 కిలోమీటర్లు పెరుగుతుంది, విమానానికి అది అయిదు నిమిషాల పని. ఊళ్లోవాళ్లకు రోడ్డు మీద మాత్రం గంట పెరుగుతుంది. ఇది తర్వాత చదివేవాళ్ల కోసం రాస్తున్నాను, మీరు టికెట్ మీద ఏ విమానాశ్రయం పేరు ఉందో చూసుకోండి.

అవిలాల_అరుణ · బుధవారం, మధ్యాహ్నం 12:25

మాస్టారుగారి దూరాలు చూశాక ఒక మాట చెప్పాలనిపించింది. చిన్న ఊళ్లకు తక్కువ ఛార్జీతో విమానాలు నడిపే ఉడాన్ పథకం 2017 ఏప్రిల్ 27న మొదలైన రోజున ఎగిరిన మొదటి విమానాల్లో మన కడప – హైదరాబాద్ ఒకటి. ఆ పథకంలో 500 కిలోమీటర్లకు, అంటే గంట ప్రయాణానికి, సగం సీట్లకు 2,500 రూపాయలు అని పరిమితి పెట్టారు. రాష్ట్రం లోపల ఊరికీ ఊరికీ మధ్య విమానం రోజూ ఉండాలని నేను మనసారా కోరుకుంటాను. తిరుపతిలో స్విమ్స్ ఆస్పత్రికి, బర్డ్‌కు శ్రీకాకుళం నుంచి కూడా రోగులు వస్తారు. పద్నాలుగు గంటలు రైల్లో పడి వచ్చే మనిషికి ఈ గంటన్నర ఎంత విలువైందో ఆస్పత్రి వరండాలో నిలబడి చూస్తే తెలుస్తుంది.

కొర్లగుంట_కోడలు · తర్వాతి వారం, శుక్రవారం, రాత్రి 8:50

అమ్మ వచ్చేసింది! తర్వాత చూసేవాళ్లకు పనికొస్తుందని సమయాలు రాస్తున్నాను, మా తమ్ముడు రాసి పెట్టాడు.

ఇల్లు వదిలింది 8:45. విమానాశ్రయం 9:20. విమానం తలుపు మూసింది 11:20, కదిలింది 11:28, గాలిలోకి లేచింది 11:41. రేణిగుంటలో దిగింది 12:52, ఆగింది ఒంటిగంటకు. వీల్‌చైర్‌లో బయటికి వచ్చేసరికి 1:20, కొర్లగుంట ఇంటికి 1:55.

గాలిలో 71 నిమిషాలు. రిటైర్డ్ అన్న చెప్పిన 72కు ఒక్క నిమిషం తక్కువ! బ్లాక్ టైమ్ 92. ఇంటి నుంచి ఇంటికి అయిదు గంటల పది నిమిషాలు. మెట్ల దగ్గర ర్యాంప్ పెట్టారు, అమ్మ కాలు ఎత్తాల్సిన పనే రాలేదు. వెనక నుంచి రెండో వరుసలో కూర్చుంది. కాకినాడ దాటాక తమ్ముడు గోదావరి చూపించాడట. "అంత నీళ్లు సముద్రంలో కలిసిపోతున్నాయే" అని ఇంటికొచ్చాక కూడా అదే మాట.

సోమవారం బర్డ్‌లో చూపిస్తాం. ఆపరేషన్ అంటే ఎన్నాళ్లకు మళ్లీ విమానం ఎక్కవచ్చు?

ర్యాంప్‌డ్యూటీ_రిటైర్డ్ · శుక్రవారం, రాత్రి 9:15

చాలా సంతోషం చెల్లెమ్మా. ఎన్నాళ్లు అన్నది ఆపరేషన్ చేసిన డాక్టరే చెప్పాలి. కాలు కదపకుండా కూర్చుంటే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది కాబట్టి వాళ్లు చెప్పకుండా టికెట్ తీయొద్దు. డిశ్చార్జి కాగితంతో పాటు "ప్రయాణం చేయవచ్చు" అని రాయించుకోండి, కౌంటర్‌లో అడిగే అవకాశం ఉంది. కృత్రిమ మోకాలు పెడితే సెక్యూరిటీ గేటు దగ్గర మోగుతుంది. కంగారు పడకుండా ముందే చెబితే ఆడవాళ్లే పక్కకు తీసుకెళ్లి చేతి మిషన్‌తో చూసి పంపిస్తారు.

వెళ్లేటప్పుడు తీరం ఎడమ పక్కకు వస్తుంది, సీట్లు అటు తీసుకోండి.